ఓడినవాళ్లు ఇంటికెళ్తారు

నా చిన్నప్పుడు కొన్నాళ్లపాటు నాది హాలండు దేశం. నారింజరంగు జెర్సీ తొడుక్కున్నాను కాబట్టి హాలండు. మా తమ్ముడిది పసుపుపచ్చ జెర్సీ, అందుకని వాడిది బ్రెజిలు. ఒకే అమ్మ కడుపున పుట్టి, ఒకే చాపమీద పడుకుని, ఒకే గంజి తాగుతూ మేమిద్దరం వేరువేరు దేశాలవాళ్లం. మీదే ఊరని ఎవరడిగినా ఆ దేశాల పేర్లే చెప్పేవాళ్లం. మా అసలు ఊరు అప్పటికి లేదు.

ఆ ఊరు రేపల్లెకి దిగువన, సముద్రానికి దగ్గరగా ఉండేది. తమ్ముడు చంటివాడుగా ఉండగానే నాన్న పోయాడు. ఇంట్లో అమ్మ, నేను, తమ్ముడు, ఒక గేదె. ఆ గేదె పాలే మా బతుకు. ఆవేళ పొద్దుటినుంచి గాలి ముదురుతుంటే పక్కింటి బాబాయి పరుగున వచ్చి, అందరూ బడి డాబామీదికి పదండని కేకేశాడు. అమ్మ మమ్మల్ని అతని చేతికి అప్పగించి, "మీరు పదండి, నేను గేదెను విప్పి వచ్చేస్తా" అంది. కట్టేసిన పశువు నీళ్లొస్తే ఉన్నచోటే చస్తుంది. పశువుని విప్పకుండా పరాయి గడప ఎక్కే మనిషి కాదు మా అమ్మ.

తరవాత ఉప్పెన వచ్చింది. దాని గురించి రాయను. చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్లు చెప్పినా నమ్మరు.

మిగిలినవాళ్లని లారీల్లో ఎక్కించి రేపల్లెలో ఒక మిషను బడికి తీసుకొచ్చారు. బల్లలన్నీ బయటపెట్టి గదుల్లో చాపలు పరిచారు. తమ్ముడు కనబడ్డ ప్రతివాళ్లనీ అమ్మేదని అడిగాడు. అందరూ కూడబలుక్కున్నట్టు అమ్మ గుంటూరు ఆసుపత్రిలో ఉందన్నారు. బాబాయి మాత్రం నన్ను నూతి పక్కకి తీసుకెళ్లి నిజం చెప్పాడు. అమ్మని తన చేతుల్తోనే మట్టిచేసి వచ్చాడట. "తమ్ముడితో అనబాకమ్మా, పసోడు, తట్టుకోలేడు" అని నా తలమీద చెయ్యేసి మరీ అడిగాడు. నేను తట్టుకోగలనా అని ఎవరికీ అనుమానం రాలేదు. పదేళ్లదాన్ని గదా, వాళ్ల లెక్కలో పెద్దదాన్నే.

అప్పట్నుంచి ఆ మాట నాలోనే దాచుకున్నాను. తమ్ముడు నిద్రలో కూడా నా జాకెట్టు అంచు వదిలేవాడు కాదు. నేను వాడి కళ్లలోకి చూడకుండా తల దువ్వడం, చూడకుండా అన్నం కలపడం నేర్చుకున్నాను. నిజానికి ఏడవాలని ఉండేది. నేనేడిస్తే వాడికి తెలిసిపోతుంది, అందుకని ఏడవలేదు.

దానికితోడు పరామర్శకి వచ్చేవాళ్లు. పాపం మంచివాళ్లే. తెనాలినుంచి, పొన్నూరునుంచి అన్నం పొట్లాలు, దుప్పట్లు పట్టుకుని వచ్చేవాళ్లు. కానీ మనవాళ్లకి ఒక అలవాటుంది, పిల్ల కనబడితే "ఏ ఊరమ్మా? ఎవరమ్మాయివి? ఇంట్లో ఎవరెవరున్నారు?" అని అడక్కుండా ఉండలేరు. మామూలు రోజుల్లో అది ఆప్యాయత. ఆ బడిలో మాత్రం ఆ మూడు ప్రశ్నలు వినబడగానే పిల్లలు గోడవైపు తిరిగేవాళ్లు.

ఇలా ఉండగా ఒకరోజు ఏవో దేశాలనుంచి బట్టల మూటలొచ్చాయి. విప్పి చూస్తే ఉన్ని కోట్లు, చేతి తొడుగులు, మేకబొచ్చు టోపీలు. మా ఊరి చేపల తాత ఆడవాళ్ల బొచ్చు కోటొకటి తొడుక్కుని నూతిదగ్గర నిలబడితే, ఉప్పెన తరవాత మొదటిసారి ఆ ఆవరణలో నవ్వు వినబడింది. ఒక మూటనిండా రంగురంగుల బనీన్లున్నాయి, వాటి వీపులమీద అంకెలు. ఎందుకేశారో తెలియక ఆడవాళ్లు మసిగుడ్డలకి బాగుంటాయని పక్కనపెట్టారు.

అప్పుడొచ్చారు మా డ్రిల్లు మాస్టారు. తెనాలిలో ఏదో బడిలో పనిచేస్తూ, సెలవుపెట్టి మరీ క్యాంపులో సాయానికి వచ్చినాయన. బక్కపల్చని మనిషి, మెళ్లో ఎప్పుడూ విజిలు. ఆ మూట చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. "మసిగుడ్డలేంటమ్మా, ఇవి జెర్సీలండీ బాబూ!" అని మూట మొత్తం ఎత్తుకుపోయారు.

ఆయనకి ఫుట్‌బాలు పిచ్చి. ఎక్కడెక్కడి రేడియోల్లోనో ఆటలు వినేవారట, పాత పత్రికలు కొనుక్కుని బొమ్మలు కత్తిరించి దాచుకునేవారట. మర్నాడు పిల్లలందర్నీ నల్లబల్ల ముందు కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టారు. వచ్చే వేసవిలో భూమికి అటుపక్క ప్రపంచకప్పు జరుగుతుందనీ, దేశదేశాల జట్లు ఓడలమీదా విమానాలమీదా అక్కడికి చేరతాయనీ చెప్పారు. లేతనీలం, తెలుపు చారలుంటే అర్జెంటీనా. ముదురునీలం ఇటలీ. తెల్లచొక్కా, నల్లలాగూ జర్మనీ. పసుపుపచ్చకి ఆకుపచ్చ అంచుంటే బ్రెజిలు, వాళ్లు బంతితో నాట్యం చేస్తారు. నారింజది హాలండు, సముద్రానికి గట్టు కట్టి ఆ గట్టు వెనకాల బతికే జనం. ఈ చివరి మాట అంటూ ఆయన నావైపు చూసి, నారింజ జెర్సీ నా ఒళ్లో పడేశారు. అవి ఏ వీధి కుర్రాళ్లు ఆడి విడిచిన చొక్కాలో, వాటికీ ఆ దేశాలకీ ఏ సంబంధమూ లేదేమోనని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆయన చెప్పిందే వేదం.

ఆడపిల్లలు కూడా ఆడాలన్నారు. కొందరు పెద్దలు గొణిగారు. జట్టుకి సరిపడా మగపిల్లలు లేరు, గొణుగుడు ఆగిపోయింది. తమ్ముడు మరీ చిన్నవాడని గోలు కాసే గోలీగా నిలబెట్టారు. గోలీ జెర్సీ రంగు వేరుగా ఉండాలని మాస్టారు నచ్చజెప్పబోతే వాడు పసుపుపచ్చది గట్టిగా పట్టుకుని వదల్లేదు. అది వాడికి మోకాళ్లు దాటి వేలాడేది.

ఆ తరవాత పరామర్శలవాళ్లొచ్చి ఏ ఊరని అడిగితే మాకు జవాబు దొరికింది. గుంటూరునుంచి వచ్చిన ఒకావిడ తమ్ముడి గడ్డం పట్టుకుని అడిగితే వాడు గంభీరంగా, "మాది బ్రెజిలండి, మా అక్కది హాలండండి" అన్నాడు. ఆవిడ తెల్లబోయి నోరు మూసుకుంది. మాస్టారు దూరంగా నిలబడి మీసాల చాటున నవ్వుకోవడం నేను చూశాను. ఆ జెర్సీలు మాకెందుకు పంచారో నాకు అప్పుడర్థమైంది.

పోటీలు మొదలయ్యే ముందు ఆయన నియమాలు చెప్పారు. చేత్తో తాకకూడదు, తన్నుకోకూడదు, విజిలేస్తే ఆగాలి. చివర్న కప్పు సంగతి చెబుతూ, "గెలిచిన జట్టు ఉండి ఇంకో ఆట ఆడుద్ది. ఓడిన జట్టు పెట్టె సర్దుకుని ఇంటికి పోవాల్సిందే" అన్నారు.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "ఓడితే నిజంగా ఇంటికి పంపిచ్చేత్తారా మాస్టారూ?"

"మరి? ఒక్క పూట కూడా ఉండనియ్యర్రా."

వాడు ఇంకేమీ అడక్కుండా కూర్చున్నాడు. నేను పక్కనే ఉండి కూడా ఏమీ కనిపెట్టలేకపోయాను.

బ్రెజిలుకీ ఇటలీకీ ఆట. గాలికి కూలిన తాటిమొద్దులే గోలు స్తంభాలు. ఊరంతా, అంటే మిగిలిన ఊరంతా, చుట్టూ చేరింది. మొదటి బంతి మెల్లిగా దొర్లుకుంటూ వచ్చింది. తమ్ముడు చేతులు వెనక్కి కట్టుకుని, పెద్దమనిషికి దారిచ్చినట్టు పక్కకి తప్పుకున్నాడు. అందరూ గొల్లున నవ్వారు. రెండోదీ అంతే. మూడోది గురితప్పి పక్కకి పోతుంటే వాడే కాలితో లోపలికి నెట్టాడు. వాడి జట్టు పిల్లలు తిట్టారు, ఒకడైతే నెత్తిన మొట్టాడు. వీడు నవ్వుతూనే ఉన్నాడు. ఉప్పెన తరవాత వాడు నవ్వడం చూసి నేనూ మురిసిపోయాను.

ఆటయ్యాక వాడు కనబడలేదు. వెతుక్కుంటూ పోతే బడి గేటుదగ్గర కూర్చుని ఉన్నాడు. పక్కన తువ్వాలు మూట. అందులో క్యాంపులో ఇచ్చిన సత్తు గిన్నె, రెండు బిస్కట్లు, బట్టల మూటలోంచి తీసి దాచిన ఆడవాళ్ల ఎర్ర స్వెట్టరు.

"మేం ఓడిపోయాం గదక్కా. పద ఇంటికి. అమ్మకి చలేస్తదని ఇది తీసా" అన్నాడు.

వాడి పక్కనే చతికిలబడ్డాను. నలుగురూ మూగారు. ఆసుపత్రినుంచి అమ్మని రానియ్యిరా అని ఒకరు, రూలు మారిందిరా అని ఒకరు, లారీ రేపొస్తుందిరా అని ఒకరు. వాడు ఎవరిమాటా వినలేదు. "మాస్టారు చెప్పారు" అంటాడు, మూట ఒళ్లో పెట్టుకుని రోడ్డుకేసి చూస్తాడు.

మాస్టారు నవ్వుతూనే వచ్చారు. మూటలో స్వెట్టరు చూడగానే ఆయన నవ్వు ఆగిపోయింది. నన్ను కాస్త ఎడంగా తీసుకెళ్లి, "వాడికి తెలవదా?" అనడిగారు. తెలియదన్నట్టు తలూపాను. "నీకు?" అన్నారు. తెలుసని తలొంచుకున్నాను. ఆయన నా భుజంమీద చెయ్యి వేసి, "ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావా తల్లీ" అన్నారు. లోకంలో నన్నామాట అడిగిన మొదటి మనిషి ఆయన. ఆ తరవాత కూడా ఎవరూ అడగలేదు.

పెద్దవాళ్లంతా ఏదో ఒకటి చెప్పి వాణ్ణి మాయచెయ్యమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "ఓడితే ఇంటికి పంపిస్తానన్నది నేను. పసివాడికిచ్చిన మాటండీ. తీసుకెళ్తాను" అన్నారు.

మర్నాడు పొద్దున్నే సాయానికి పోయే లారీలో వెళ్లగలిగినంత దూరం వెళ్లి, అక్కణ్ణుంచి కరకట్టమీద నడిచాం. తమ్ముడు మూట ఎవరికీ ఇవ్వలేదు. దగ్గరపడేకొద్దీ ముందు పరుగెత్తాడు. ఒకచోట ఆగిపోయాడు. అక్కడ ఊరు లేదు. ఎండి నెర్రెలిచ్చిన బురద, దానిమీద ఉప్పు పొర. మా ఇల్లెక్కడో నేను గుర్తుపట్టలేకపోయాను, వాడే గుర్తుపట్టాడు. మా రుబ్బురోలు కదలకుండా ఉన్నచోటే ఉంది. దానికవతల గేదెను కట్టే గుంజ.

వాడు గుంజ చుట్టూ తిరిగి చూశాడు. "అక్కా, పలుపు లేదు. అమ్మ గేదెను విప్పేసింది" అన్నాడు సంతోషంగా. చుట్టూ చూసి, "మరి రాలేదేంటి?" అన్నాడు.

నేను మాస్టారి వైపు చూశాను. తానే చెప్పేస్తారనుకున్నాను. ఆయన బురదలో గొంతుక్కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు, అంతే. అది మా ఇంటి మాట, ఇంటివాళ్ల నోటినుంచే రావాలని ఊరుకున్నారు కాబోలు. అప్పుడు నేనే చెప్పాను. అమ్మ చచ్చిపోయిందిరా, నీళ్లలో పోయింది, ఇంక రాదు, అని. ఆ మాట నా నోటితో అనడం నాకూ అదే మొదలు. ఇద్దరం ఒకళ్లనొకళ్లం పట్టుకుని ఏడ్చాం. మాస్టారు మమ్మల్ని ఊరుకోమనలేదు. ఆయనా ఏడ్చారు.

పొద్దెక్కాక తమ్ముడు మూట విప్పి, ఎర్ర స్వెట్టరు తీసి రోలుమీద కప్పాడు. గాలికి ఎగిరిపోకుండా దాని చేతులు రెండూ రోలు చుట్టూ తిప్పి ముడేశాడు. తిరుగుదారిలో కరకట్ట ఎక్కాక, "మాస్టారూ, గెలిచినోళ్లు ఎక్కడికి పోతారు?" అనడిగాడు.

"వాళ్లూ ఇంటికేరా. కాకపోతే కాస్త ఆలస్యంగా" అన్నారు మాస్టారు.

ఆ రాత్రి వాడు నా జాకెట్టు అంచు వదిలేసి పడుకున్నాడు. కొన్నాళ్లకి బాపట్లనుంచి మా పెద్దమ్మ వచ్చి మమ్మల్ని తీసుకెళ్లింది. మాస్టారు గేటుదాకా వచ్చి జెర్సీలు మీవేనన్నారు. ఆయన్ని మళ్లీ చూడలేదు.

టీవీలు వచ్చాక ప్రతి ప్రపంచకప్పుకీ తమ్ముడు తెనాలినుంచి బాపట్ల మా ఇంటికి వచ్చేవాడు. ఆట అంతా కేకలు వేస్తూ చూసేవాడు. చివర్న ఓడిన ఆటగాళ్లు పచ్చికమీద కూలబడి మొహాలు జెర్సీల్లో దాచుకుని ఏడుస్తుంటే మాత్రం తెరవైపు చెయ్యి ఊపి, "ఎందుకేడుస్తార్రా, ఇంటికే గదా పోయేది" అనేవాడు. పిల్లలు నవ్వేవాళ్లు. మేమిద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకునేవాళ్లం కాదు.

ఆ తమ్ముడూ నాకంటే ముందే వెళ్లిపోయాడు. వాడి మనవరాలు ఆరేళ్లది. తాతయ్య హైదరాబాదు ఆసుపత్రిలో ఉన్నాడని దానికి చెప్పారు. నేను దాన్ని వాకిట్లోకి తీసుకెళ్లి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంట్లోవాళ్లు నామీద కోప్పడ్డారు. కోప్పడనీ. పసివాళ్లకి అబద్ధం చెప్పి ఆ బరువు ఇంకో పసిదాని నెత్తిన పెట్టడం ఏమిటో నాకు తెలుసు. అది భోరుమంది. ఊరుకోమనలేదు, నేనూ ఏడ్చాను.

మొన్నటి ప్రపంచకప్పు ఆఖరి ఆట అదీ నేనూ కలిసి చూశాం. ఓడినవాళ్లు ఏడుస్తున్నారు. "వాళ్లెందుకేడుస్తున్నారు బామ్మా?" అనడిగింది. తాతయ్య ఏమనేవాడో చెప్పబోయాను. నా బదులు అదే తెరవైపు బుల్లి చెయ్యి ఊపి, అచ్చం వాడిలాగే, "ఎందుకేడుస్తార్రా, ఇంటికే గదా పోయేది" అంది.