నేను ఎక్కితే పట్టేసే బ్రేకు

ఈమధ్య సుద్దముక్కలు అస్సలు బాగుండటం లేదు. డబ్బా కొంటే సగం ముందే విరిగి ఉంటాయి, మిగతా సగం చేతిలో విరుగుతాయి. ఇనుము మీద గీత పడదు గానీ చొక్కాకు మాత్రం బ్రహ్మాండంగా అంటుకుంటాయి. బడుల్లోకి తెల్లబోర్డులు వచ్చాక సుద్ద గురించి పట్టించుకునేవాళ్లు లేకుండా పోయారు, మా వర్క్‌షాపు తప్ప.

దయ్యాల సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నాకు నమ్మకం లేదు. మెకానికల్ ఇంజనీరింగ్ నాలుగేళ్లు, తప్పిన సబ్జెక్టుల కోసం ఇంకో ఏడాది చదివినవాణ్ణి. ఏదైనా కదిలితే దానికో కారణం ఉంటుంది, ఆగితే దానికీ ఉంటుంది. పైగా నేను చెప్పబోయే దాంట్లో ఎవరూ చనిపోలేదు. దయ్యం కావడానికి కనీస అర్హత ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు.

మాది జనగామ శివార్లలో టిప్పర్ల వర్క్‌షాపు. మా ఓనరు బండ్లు భూపాలపల్లి నుంచి మరిపెడ వైపు ఇటుక బట్టీలకు బొగ్గు మోస్తాయి. బ్రేకుల పని నాది. నిజానికి ఆ పని చేసేది అంజన్న. ఇరవై ఏళ్ల అనుభవం ఆయనది, డిగ్రీ నాది. కాబట్టి సంతకం నేను పెట్టేవాణ్ణి.

ఈ బండ్లను నిలిపి ఉంచే బ్రేకు కాస్త తిరకాసుగా ఉంటుంది. వెనక చక్రాల దగ్గర బూస్టరు అనే గుండ్రటి డబ్బాలో బలమైన స్ప్రింగు ఉంటుంది. గాలి దాన్ని నొక్కి పట్టినంతసేపే బండి కదులుతుంది. గాలి పోతే స్ప్రింగు సాగి చక్రాన్ని బిగించేస్తుంది. అలా బిగిసిన బండిని లాగాలంటే, బూస్టరు వెనక ఉండే బోల్టు తిప్పి స్ప్రింగును లోపలే కట్టేయాలి. అప్పుడిక ఆ బండికి గాలీ లేదు, బ్రేకూ లేదు.

అందుకే అంజన్న ఒక నియమం పెట్టాడు. బోల్టు బిగించినవాడు ఆ చక్రం మీద సుద్దతో ఇంటూ గుర్తు గీయాలి. బోల్టు వదిలినవాడు చెరపాలి. గుర్తు లేదంటే బ్రేకు పట్టి ఉన్నట్టు. నమ్మి బండి కిందికి దూరవచ్చు.

పోయిన వానాకాలంలో ఒక టిప్పరు మా గేటు ముందే గాలి పోయి బిగుసుకుంది. వెనక చక్రాల నాలుగు బూస్టర్ల బోల్టులూ నేనే తిప్పాను. జేసీబీతో లోపలికి లాగించి, చక్రం కింద రాయి పెట్టించి, ఫోను మోగితే మాట్లాడుతూ పక్కకు వెళ్లాను. ఈలోగా అంజన్న వచ్చాడు. చక్రాల మీద చూశాడు, గుర్తు కనబడలేదు. జాకీకి అడ్డమొస్తోందని రాయి తీశాడు. బండి కదిలింది రెండడుగులే. ఆయన కుడి పాదానికి అది చాలింది.

పాదం సగం తీసేశారు. దవాఖాన వరండాలో ఓనరు నన్ను అడిగాడు. "ఏమయ్యా ఇంజనీరు, గుర్తు గీసినవా లేదా?"

గీశానని చెప్పాను. సుద్ద సరిగ్గా పడలేదేమో అన్నాను. వాన తడి కదా అని కూడా అన్నాను.

ఆ తర్వాత అందరూ అంజన్ననే అడిగారు, రాయి ఎందుకు తీసినవ్ అని. "నేనే సరిగ జూస్కోలే" అన్నాడాయన. దాంతో జాగ్రత్త లేని మనిషన్న పేరు ఖాయమైంది. గాయం మానాక పనికి వస్తానంటే ఓనరు వద్దన్నాడు. జనగామలో మరే షెడ్డూ పిలవలేదు. ఆయన సొంతూరు నర్సింహులపేట వెళ్లిపోయాడు. నాకు మాత్రం జీతం పెరిగింది.

ఆ టిప్పరును బాగుచేసి ట్రయల్‌కు తీసినప్పుడు నేనూ ఎక్కాను. డ్రైవరు యాకన్న. దేవరుప్పుల చేరకముందే కాలిన వాసన వచ్చింది. ఎడమ వెనక చక్రం పట్టేసింది. చక్రం లోపలి బ్రేకు డ్రమ్ము మీద రెండు నీటి చుక్కలు చిలకరిస్తే చుయ్‌మన్నాయి.

షెడ్డుకు తెచ్చి జాకీ మీద లేపితే చక్రం చేత్తో తిప్పినా తిరుగుతోంది. రబ్బరు పైపు లోపల చీలితే గాలిని ఒకవైపే పోనిస్తుంది, కాబట్టి పైపు మార్చాం. వెనక చక్రాలకు గాలి పంచే రిలే వాల్వు మార్చాం. బూస్టరు కొత్తది వేశాం. డ్రమ్మును ఒరుసుకునే లైనర్లను వెనక్కి లాగే స్ప్రింగులు కూడా కొత్తవే. మార్చిన ప్రతిసారీ నేను ట్రయల్‌కు ఎక్కాను, ప్రతిసారీ అదే వాసన. మధ్యలో యాకన్న ఒక్కడే లోడు వేసుకుని తిరిగిన ట్రిప్పుల్లో ఏ ఫిర్యాదూ లేదు. యాకన్నకు ముక్కు పనిచేయడం లేదని నేను తేల్చాను.

"నా ముక్కుకేంగాలే సార్" అన్నాడు యాకన్న. "నిన్న భూపాలపల్లి నుంచి మరిపెడ దాంక నిండు లోడుతోని పోయిన. ఏం గాలే. ఇయ్యాల ఖాళీ బండి. నువ్వెక్కినవ్, గింత పొగ."

"నా బరువు డెబ్బై కిలోలు యాకన్నా."

"నేను బరువు సంగతి చెప్తలేను సార్."

చదువుకున్నవాడిగా దీనికి ఒక్కటే కారణం ఆలోచించగలిగాను. నేను పక్కన కూర్చుంటే యాకన్న కంగారుపడి తెలియకుండానే బ్రేకు మీద కాలు ఉంచుతున్నాడు. రుజువు చేయాలంటే నేను ఎక్కిన సంగతి అతనికి తెలియకూడదు. మర్నాడు పొద్దున పదింటికి, అతను టీ తాగుతుండగా, వెనక ఖాళీ తొట్టిలోకి ఎక్కి పడుకున్నాను. మా ఓనరు ఒక్కడికే చెప్పాను. ఐదేళ్ల ఇంజనీరింగ్ చదువు నన్ను అంతదూరం తీసుకెళ్లింది.

మూడు కిలోమీటర్లు పోయామో లేదో చక్రం పట్టేయడం కాదు, పూర్తిగా బిగుసుకుపోయింది. టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోయిన చప్పుడు తొట్టి ఇనుములోంచి నా వీపుకు తెలిసింది. బండి ఆగింది. యాకన్న దిగి వెనక్కి వచ్చాడు. బొగ్గు మసితో నేను తొట్టిలోంచి తల పైకెత్తాను. అతను ఉలిక్కిపడలేదు. నన్ను చూసి, చక్రాన్ని చూసి, "దిగు సార్" అన్నాడు.

దిగాక గేజీ చూశాను. గాలి నిండుగా ఉంది. పైపు కలిసే చోట కొద్దిగా వదులు చేస్తే గాలి బుస్సుమని వచ్చింది. అంటే బూస్టరు దాకా గాలి చేరుతోంది. అంత గాలి ఉండగా స్ప్రింగు సాగడానికి నేను చదివిన పుస్తకాల్లో దారి లేదు. పైపు బిగించి, వెళ్లి రోడ్డవతల నిలబడ్డాను. కాసేపటికి టక్కుమని చప్పుడై బ్రేకు దానంతట అదే వదిలింది. యాకన్న బండిని వెనక్కి తీసుకుపోయాడు. నేను బస్సులో వచ్చాను. ఆ బస్సు బ్రేకులు బాగానే ఉన్నాయి.

పెద్ద షెడ్డులో పనిచేసే మరో ఇంజనీరుకు బండి చూపించాను. నన్ను ఎక్కించుకోకుండా బండి తిప్పి చూసి, లోపం లేదన్నాడు. కారణం ఏమిటో ఇవాళ్టికీ నాకు తెలియదు.

చివరికి నర్సింహులపేట వెళ్లాను. అంజన్న సలహా కోసం అని ఇంట్లో చెప్పాను, నాకూ అదే చెప్పుకున్నాను. ఆయన ఇంటి ముందు పీట మీద కూర్చుని ఎవరిదో బావి మోటరు విప్పుతున్నాడు. చేతికర్ర గోడకు ఆనించి ఉంది.

"పైపు మార్చినవా తమ్మీ?"

"మార్చిన."

"రిలే వాల్వు?"

"అది సుత. బూస్టరు కొత్తది. అన్ని కొత్తయే అన్నా."

"నువ్వు లేకపోతె?"

"మంచిగనే నడుస్తాంది."

ఆయన మోటరు బోల్టు ఒకటి ఊడదీసి పళ్లెంలో వేశాడు. ఇంకొకటి వేశాడు.

"సామాన్లే సక్కగ వస్తలేవన్నా ఈ మధ్య" అన్నాను. "సుద్దముక్కలు సుత సూడు, ఇనుము మీద పడనే పడయి."

అంజన్న లేవకుండానే కిటికీ మీది రేకు డబ్బా అందుకుని, అందులోంచి ఒక సుద్దముక్క తీశాడు. మా వర్క్‌షాపుదే. పాదం నలిగిన రోజు ఆయన జేబులో ఉండిపోయినదట. మోటరు ఇనుప ఒంటి మీద ఇంటూ గుర్తు గీశాడు. రెండు గీతలూ తెల్లగా, మందంగా పడ్డాయి.

"సుద్ద మంచిదే తమ్మీ. నువ్వు గియ్యలే."