ఎరుపు తుడిచేసిన చెయ్యి

ఎదుట అందరూ ఆయన్ని రంగుల మేస్త్రీ అని పిలిచేవారు. అటు తిరగ్గానే అనుమానాల మేస్త్రి అనేవారు. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే, ఇవాళ పాలలో నీళ్ళు ఎక్కువయ్యాయని ఆయన తేల్చేసేవాడు. నవ్వకపోతే ఇంకా ఎక్కువయ్యాయని.

తుపాకీ మడమలకు రంగెక్కించడం ఆయన పని. మడమంటే వేటతుపాకీని భుజానికి ఆనించుకునే చెక్క భాగం. దుకాణం షావుకారు అక్రోటు చెక్క పంపితే, ఇంటి ముందుగదిలో బావమరిది దాన్ని చెక్కి నున్నగా రుద్దేవాడు. వెనకగదిలో మేస్త్రి రంగు పట్టించేవాడు. డబ్బాల్లో వచ్చే రంగులంటే ఆయనకు ఒళ్ళుమంట. అక్రోటు కాయల పచ్చితొక్కలు నానబెట్టి, మరిగించి, ఆ కషాయం పూస్తే చెక్క గోధుమరంగుకు తిరిగేది. అది ఆరాక, రంగు దిగేలా ఎర్రవేరు నానేసిన అవిసె నూనె రుద్దేవాడు. ఆ ఎరుపు ఉన్నట్టూ ఉండాలి, లేనట్టూ ఉండాలి. కాస్త ఎక్కువైతే చెక్క దెబ్బ తగిలి కమిలినట్టు కనబడుతుంది. ఎంత రుద్దాలో చెప్పే కొలత ఏదీ లేదు, ఆయన కన్ను తప్ప.

అలాంటి మేస్త్రికి ఈ మధ్య ఒక వింత ఎదురైంది. మధ్యాహ్నం భోంచేసి, ఒక కునుకు తీసి వచ్చేసరికి, తాను ఎరుపు పట్టించి వెళ్ళిన మడమలు మరీ వెలవెలబోయి ఉండేవి. వాసన చూస్తే టర్పెంటైన్ గుప్పుమనేది. ఎవరో తుడిచేస్తున్నారు.

ఎవరో ఏమిటి, బావమరిదే! తన పని చెడితే రంగుబల్ల వాడికే దక్కుతుంది మరి. బతుకంతా చెమటోడ్చి తెచ్చుకున్న పేరు మట్టిలో కలుస్తుంది. పైగా షావుకారు ఆ వెలవెలబోయిన మడమల్నే వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "రంగు భలే కుదిరింది మేస్త్రీ!" అంటున్నాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారని మేస్త్రి పళ్ళు నూరుకున్నాడు.

ఒకరోజు ఇక ఉగ్గబట్టుకోలేక, మడమల కోసం వచ్చిన షావుకారు ఎదుటే బయటపడ్డాడు.

"నా బల్ల మీద కన్నేశావు కదరా? నేను పడుకోగానే దూరి నా పని నాశనం చేస్తున్నావు. దొంగా!"

బావమరిది చేతిలో ఉలి ఆగిపోయింది. ఏదో అనబోయి, షావుకారు వైపు చూసి, నోరు మూసుకున్నాడు. మర్నాడే తన బల్ల ఈడ్చుకుని వసారాలోకి పోయాడు.

"చూశావా, ఎలా ముఖం చాటేశాడో!" అన్నాడు మేస్త్రి భార్యతో. ఆవిడ విననట్టే వంటింట్లోకి పోయింది. తమ్ముణ్ణి వెనకేసుకురాని అక్క ఎక్కడైనా ఉంటుందా? మేస్త్రికి ఆవిడ మీదా అనుమానం మొదలైంది.

మడమలు వెలవెలబోవడం మాత్రం ఆగలేదు. దాంతో ఒక మధ్యాహ్నం కళ్ళు మూసుకుని దొంగ గురక పెట్టాడు. వెనకగదిలో సీసా మూత చప్పుడు వినబడగానే పిల్లిలా లేచి వెళ్ళాడు. భార్య మడమను ఒళ్ళో పెట్టుకుని, టర్పెంటైన్ గుడ్డతో ఎరుపు తుడుస్తోంది.

"నువ్వా! తమ్ముడి కోసం మొగుడి గొంతు కోస్తావా?"

ఆవిడ ఉలిక్కిపడింది గాని, గుడ్డ దాచలేదు. ఇంకా తుడవని మడమ ఒకటి తీసి కిటికీ వెలుగులో పట్టుకుంది.

"ఇది ఎలా ఉందో చెప్పండి."

"ఎలా ఉంటుంది? ఎరుపు సరిగ్గా ఎక్కనే లేదు. ఇంకొంచెం రుద్దాల్సింది."

"ఏమండీ, ఇది పండు మిరపకాయలా ఉంది."

మేస్త్రి నవ్వబోయాడు. ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు.

"మీ కళ్ళకి పొర కమ్ముతోందండీ. ఎంత ఎరుపు పూసినా మీకు ఆనడం లేదు. కంటి డాక్టరు దగ్గరికి పోదామంటే, బాగున్న కళ్ళు కూడా పాడుచేసి పంపుతాడన్నారు. మీరేమో మసక బల్బులు అంటగట్టాడని కొట్టువాడితో పోట్లాడారు. ఇంకేం చెప్పను?"

"ఇదంతా నీకు ఎవడు నూరిపోశాడు?"

"మా తమ్ముడు. వాడే ముందు కనిపెట్టాడు. 'ఇలాగే పంపితే బావ పని పోతుంది. చెబితే కుంగిపోతాడు. నువ్వే గుట్టుగా సర్దెయ్యి అక్కా' అన్నాడు. ఎంత తుడవాలో వాడే నేర్పాడు."

"మరి నేను దొంగ అన్నప్పుడు నోరు పడిపోయిందా వాడికి?"

"షావుకారు ఎదుట ఎలా చెబుతాడండీ? మీ కళ్ళ సంగతి బయటపడదూ?"

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. సిగ్గుతో నిలువునా నీరైపోయాడు. ఆ మడమ చేతిలోకి తీసుకుని, కళ్ళు చికిలించి ఎంతసేపు చూసినా, అది వెలిసిపోయినట్టే కనబడింది.

దాన్ని పట్టుకుని వసారాలోకి వెళ్ళాడు. బావమరిది తలెత్తలేదు, ఉలి పని ఆపలేదు. తప్పయిపోయిందని చెప్పాలని వచ్చిన మేస్త్రి, ఆ మాటకు బదులు మడమ ముందుకు చాచాడు.

"ఒరేయ్, దీని రంగెలా ఉంది?"

బావమరిది ఉలి కింద పెట్టాడు. మడమ వైపు, ఆ తర్వాత బావ కళ్ళలోకి చూశాడు.

"ఎరుపు బాగా ఎక్కువైంది బావా."

మేస్త్రి బల్ల పక్కన కూలబడి, మడమను ఒళ్ళో పెట్టుకుని, గుడ్డ తెమ్మని భార్యను కేకేశాడు.

"తుడుస్తాను. ఎక్కడ ఆపాలో నువ్వు చెప్పు."