ఎరువు విమానం, ఉదయభాస్కర్ చెయ్యి

ఉదయభాస్కర్ విమానాలు గీస్తాడు గానీ ముట్టుకోడు. తెనాలిలో వాళ్లమ్మ కోటేశ్వరమ్మ "ముట్టుకోకురా, షాక్ కొడుతుంది!" అంటూ పెంచిన ఫలితం అది. న్యూజిలాండ్ వచ్చాక కూడా, ఆక్లండ్‌లోని మౌంట్ ఆల్బర్ట్ పేటలో వాళ్లింట్లో బల్బు మార్చేది భార్య నిరుపమే.

అలాంటి మహానుభావుడికి ఆక్లండ్ బయట ఒక షెడ్డులో ఉద్యోగం దొరికింది. కొండల మీది పచ్చిక బీళ్లకు ఎరువు చల్లే పోలండ్ విమానం ఒకటుంది. ఇక్కడి తేమకు ఎరువు బెల్లంలా గట్టిపడి తొట్టిలోనే కూర్చుంటోంది. మనవాడు తొట్టి వాలు పెంచి, సరుకంతా ఒక్కసారే వదిలేసే తలుపు గీశాడు. ఎంత బాగా గీశాడో! తెరిచి చూడమంటే మాత్రం, ఈత వచ్చేదాకా నీళ్లలో దిగనన్నట్టు, "ఇంకోసారి లెక్క చూసుకుంటా" అంటూ నెలలు గడిపేశాడు.

చివరికి యజమాని గ్రాంట్‌కి ఒళ్లు మండింది. "శుక్రవారం బిల్ అనే రైతు వస్తున్నాడు. ఎరువు పడితే విమానం కొంటాడు. పడకపోతే ప్రాజెక్టూ లేదు, నీ ఉద్యోగమూ లేదు" అన్నాడు. అంటే మళ్లీ మునుపటిలా మనురేవాలో, ఇక్కడివాళ్లు డెయిరీ అనే చిల్లర కొట్లో, కౌంటరు వెనక నిలబడాలన్నమాట.

శుక్రవారం విమానాన్ని జాకీల మీద ఎత్తి తొట్టి నింపారు. ఉదయభాస్కర్ కాక్‌పిట్‌లో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రెక్క పక్కన హలీనా మేడమ్ ఫోన్లో మాట్లాడుతోంది. ఆ విమానాన్ని పుట్టించిన జట్టులో పనిచేసి, సలహా చెప్పడానికి పోలండ్ నుంచి వచ్చిన పెద్దావిడ. బిల్ గమ్‌బూట్లతో తొట్టి పక్కనే నిలబడ్డాడు.

"మేడమ్, తలుపు మీట లాగనా?" అని అడిగాడు ఉదయభాస్కర్, ఎలాగూ ఆగమంటుందన్న ధీమాతో.

"తాక్! తాక్, తాక్!"

ఓరి నాయనో, ఈవిడకి తెలుగెప్పుడొచ్చింది! తాకమంటోంది! ఆ కంగారులో చెయ్యి మీట మీద పడింది.

ధడాలున తలుపు తెరుచుకుంది. ఎరువంతా కిందపడి బిల్ మోకాళ్ల దాకా పూడిపోయాడు. గ్రాంట్ తల పట్టుకున్నాడు. బిల్ కాళ్లు పీక్కుని, తొట్టిలోకి టార్చి వేసి చూశాడు.

"ఒక్క గడ్డ కూడా మిగల్లేదు. నాకు కావల్సింది ఇదే" అన్నాడు.

"మీరే కదా మేడమ్ తాకమన్నారు?" అన్నాడు ఉదయభాస్కర్ కాక్‌పిట్‌లోంచి తల బయటపెట్టి.

"నేనా? మా భాషలో 'తాక్' అంటే 'అవును'. అక్కడ చలిగా ఉందా అని మా అమ్మాయి అడిగింది!"

ఉద్యోగం నిలబడింది. సాయంత్రం తెనాలికి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు.

"నిన్ను ముట్టుకోమన్నదెవర్రా?" అంది కోటేశ్వరమ్మ.

"ఎవరూ అనలేదమ్మా. నేనే ముట్టుకున్నా" అన్నాడు గర్వంగా.



"సర్లే. చేతులు కడుక్కున్నావా?"