అవ్వ పెరుగు మానేసిన రోజులు

నాకు చిన్నప్పటి నుంచీ కాలు ఒకచోట నిలవదు. బాన్సువాడలో మా ఇంట్లో ఆడవాళ్ళంతా చాప మీద వరుసగా కూర్చుని బీడీలు చుడుతుంటే, నేను నాలుగు ఆకులు చుట్టి లేచి వాకిట్లోకీ వంటింట్లోకీ తిరుగుతుండేదాన్ని. "కూసుంటే ముండ్లు గుచ్చుకుంటయా ఏందే నీకు?" అని అవ్వ కసురుకునేది. అవ్వంటే మా నాయన తల్లి. అమ్మ నన్ను కని కన్ను మూస్తే ఎత్తుకుని పెంచింది ఆమే. అందుకే ఆమె తిట్టినా నాకు పట్టేది కాదు.

అవ్వ నీసు ముట్టదు. గుడ్డు ఉడికిన గిన్నెను ఇంట్లోకి రానివ్వదు. చీమల బారు కనిపిస్తే చుట్టూ తిరిగి పోతుంది. పళ్ళు చాలావరకు ఊడిపోవడంతో మెత్తగా పిసికిన పెరుగన్నం, ఉడికిన ఇంత ఆకుకూర, అదే ఆమె తిండి.

మా అక్క మొగుడు ఊళ్ళోని సర్కారు బడిలో సైన్సు చెప్పేవాడు. అప్పట్లో చదువంతా ఉర్దూలోనే. ఒకసారి సెలవులకు పెద్దసారును బతిమాలి బడిలో ఉన్న ఖుర్దబీనును ఇంటికి తెచ్చాడు. సూక్ష్మదర్శినిని అప్పుడు మేం అలాగే అనేవాళ్ళం. పాత ధోవతిలో చుట్టి, చంటిపిల్లను మోసినట్టు మోసుకొచ్చాడు. వాకిట్లో బల్ల వేసి, అద్దాన్ని ఎండకు తిప్పి, పలుచన చేసిన పెరుగు బొట్టు గాజుపలక మీద పెట్టాడు. ఇక అందరం ఎగబడ్డాం. బావ మాత్రం, "ఆగుండ్రి, పెద్దమనిషి ముందుగాల చూడాలె" అని అవ్వను పిలిచాడు. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

అవ్వ కన్ను పెట్టింది. కాసేపటికి, "ఏందివి బిడ్డా, పుల్లల్లెక్క? కదులుతున్నయి గద" అంది.

"పానమున్నయే అవ్వా. గవ్వే పాలను పెరుగు చేస్తయి" అన్నాడు బావ సంబరంగా.

మధ్యాహ్నం పెరుగన్నం ముందు పెడితే అవ్వ గిన్నె అవతలికి నెట్టింది. పాలు తాగమంటే, "రేపు పెరుగయ్యేటివే గద, వాట్ల గూడ పుట్టి ఉంటయి" అని అవీ వద్దంది. బావ నీళ్ళ సంగతి కూడా ఎత్తబోయాడు గానీ అక్క తొడ మీద గట్టిగా గిల్లడంతో నోరు మూసుకున్నాడు.

మర్నాడు బావ పుస్తకం పట్టుకొచ్చాడు. "అవ్వా, పానమున్నవాటికి రెండే ఖానాలు, అంటే రెండే అరలు. చెట్లన్నీ నబాతాత్, జంతువులన్నీ హైవానాత్. పెరుగుల ఉన్నవాటిని నబాతాత్‌ల రాసిన్రు. గవి చెట్ల జాతే. నువ్వు పాలకూర తింటలేవా?"

"చెట్లయితే గట్ల కదులుతయా?"

బావ ఒప్పుకునే రకం కాదు. ఉల్లిగడ్డ పొర తీసి అయోడిన్ చుక్క వేసి చూపించాడు. ఇటుక గోడ కట్టినట్టు వరుసగా గదులు, గదికొక నల్లటి గింజ. అవ్వకు అది నచ్చింది. అంతటితో ఊరుకోవచ్చు కదా! మాస్టరు బుద్ధి ఊరుకోనిస్తుందా? తన చెంప లోపల పుల్లతో గీకి, దాని మీద నీలం సిరా వేసి అదీ చూపించాడు. "చూసినవా, మనిషిల గూడ గదే గింజ! పెరుగుల ఉన్నవాటికి గీ గింజ లేదు. గంతే తేడా."

అవ్వ ఉల్లిగడ్డను చేతిలోకి తీసుకుంది. "అంటే ఉల్లిగడ్డ నాకు చుట్టమన్నట్టు" అంది. ఆ పూట నుంచి ఆకుకూర బంద్. తెల్లారి అన్నం కూడా బంద్. బెల్లంలో పానం ఉందని బావ చెప్పలేదు కాబట్టి బెల్లం నీళ్ళు మాత్రం తాగేది.

ఆ గింజ పేరు కేంద్రకమని ఇప్పుడు నా మనవరాలి పుస్తకంలో ఉంది. కణంలో పొర కట్టిన కేంద్రకం ఉన్నవాటిని నిజకేంద్రక జీవులంటారట. చెట్టూ చేమా, పశువూ మనిషీ, బూజూ పుట్టగొడుగూ అన్నీ అందులోకే వస్తాయి. అది లేని బాక్టీరియాలు కేంద్రకపూర్వ జీవులు, వాటి దారి వేరు. బావ పుస్తకంలో రెండే ఖానాలు కాబట్టి పాపం వాటిని చెట్లలో ఇరికించారు. ఆ ఖానాలతో మా అవ్వకు పని లేదు. ప్రాణం ఉందా లేదా అన్నదొక్కటే ఆమె లెక్క.

బెల్లం నీళ్ళ మీద ఎన్నాళ్ళుంటుంది ముసలి ప్రాణం? గడప దాటబోయి పడిపోయింది. నాయన చేతులు జోడించాడు. నేను కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. ఏడుపుతో పని కాకపోతే అరిచాను: "సచ్చిపోతవే ముసల్దానా!"

"పోతే పోత. గిన్ని పానాలు తీసి బతుకాల్నా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. భయం కూడా వేసింది. అవ్వ పోతే నాకెవరున్నారు? వాకిలంతా అటూ ఇటూ తిరిగాను. తిరిగినకొద్దీ కోపం పెరిగింది గానీ దారి తోచలేదు. బావ ఓ పక్కన ఖుర్దబీనును మళ్ళీ ధోవతిలో చుడుతున్నాడు, మర్నాడు బడి తెరుస్తారని.

"బావా, గవి పెరుగుల్నే ఉంటయా? ఇంకెక్కడన్న ఉంటయా?" అని నిలదీశాను.

"అంతట ఉంటయి. నోట్ల ఉంటయి, కడుపుల ఉంటయి."

"మరి గా ముచ్చట ఆమెకు చెప్పవేంది?"

"చెప్తే నీళ్ళు గూడ బంద్ చేస్తదని మీ అక్క భయపడుతుంది."

నేనింక ఆగలేదు. చీపురుపుల్ల విరిచి, గోడకు ఆనుకుని ఉన్న అవ్వ దగ్గరికి పోయి, "నోరు తెరువు" అన్నాను. వద్దనే ఓపిక కూడా ఆమెకు లేదు. మిగిలిన పంటి మీద పాచి గీకి గాజుపలక మీద పూశాను. బావ గొణుక్కుంటూనే మూట విప్పి, నీటి బొట్టు వేసి, అద్దం తిప్పాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నా మనసులో ఉన్నది ఒక్కటే. 'చూడు, నీ నోట్లోనే ఉన్నాయి, ఎక్కడికి తప్పించుకుంటావు' అని ఆమె మొండితనాన్ని విరిచెయ్యాలి.

నేనూ అక్కా చెరో రెట్టా పట్టుకుని లేపి చూపించాం. పుల్లలు, చుక్కలు, మెలికలు, కొన్ని చురుగ్గా ఈదుతున్నాయి.

"గివి ఎక్కడియే?"

"నీ నోట్లయే."

"కడుపుల గూడ ఉన్నయా, బిడ్డా?"

బావ అక్క వైపు చూసి, "మస్తున్నయి అవ్వా" అన్నాడు.

అవ్వ మళ్ళీ కన్ను పెట్టింది. ఎంతకీ తీయదే! ఇక నీళ్ళు కూడా ముట్టదనే అనుకున్నాను. చివరికి తల ఎత్తి, "మరి నేను తినకపోతే గివేం తింటయి?" అంది.

అవ్వ తన కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, గిన్నొద్దులు వీటి కడుపు ఎండవెట్టిన్నా! పోయి పెరుగు తేపో పోరీ, అన్నం మెత్తగ పిసుకు."

నేను కలిపి తెచ్చి బుక్క బుక్క పెట్టాను. అవ్వ చప్పరిస్తూ తింటుంటే నా కళ్ళల్లో నీళ్ళు, ఒంట్లో కోపం. ఉండబట్టలేక అడిగేశాను. "కాళ్ళు వట్టుకొని ఏడిస్తే నా కోసం తినలే. గా కంటికి కనబడనివాటి కోసం తింటున్నవు. వాటికంటే తక్కువదాన్నా నేను?"

అవ్వ ఎడమచేత్తో నా చెంప తుడిచింది.

"నీకేమే, ఆకలైతే ఇల్లు లేచిపోయేటట్టు ఒర్లుతవు. గివి ఎవరి ముంగట ఒర్లుతయే, పిచ్చిదానా?"