కళ్లు మూసుకున్న పెద్దావిడ

పెళ్లైన ఏడాది, ఎనభైల మొదట్లో, వరంగల్ నుంచి విశాఖ వెళ్లాం. బంధువుల స్కూటర్ అడిగి తీసుకుని భీమిలి రోడ్డు మీద ఇద్దరం షికారు బయలుదేరాం. ఒకవైపు ఎర్రటి కొండలు, మరోవైపు బండలను బాదుతున్న సముద్రం. వెనక కూర్చుని పాటలు పాడుతున్న నాకు హఠాత్తుగా బండి నడపాలనిపించింది. బస్సుల కోసం వేసిన ఒక పాక దగ్గర ఆగినప్పుడు అడిగాను.

"జర నాకియ్యరాదూ, నేను నడుపుత."

"వద్దు. ఎవరన్న చూస్తే నవ్వుతరు," అన్నారు మావారు.

నా మొహం చిన్నబోయింది. పాకలో బస్సు కోసం కూర్చున్న ఒక పెద్దావిడ అది గమనించింది.

"ఇక్కడ సూసేదాన్ని నేనొక్కదాన్నే గదా బాబూ! నేను కళ్లు మూసుకుంటాను, నువ్వు నేర్పు," అంటూ నిజంగానే అరచేతులతో కళ్లు కప్పుకుంది.

మావారు పకపకా నవ్వి, హ్యాండిల్ నాకిచ్చి వెనక కూర్చున్నారు. బండి కాసేపు మొరాయించి, చివరికి కదిలింది. సంతోషంతో కేక పెట్టాను. మేము తిరిగి వచ్చేసరికి ఆవిడ బస్సెక్కి వెళ్లిపోయింది. పేరైనా అడగలేదు. పెట్టాల్సిన దండం ఇప్పటికీ మనసులోనే పెట్టుకుంటుంటాను.

ఊరికొచ్చాక కూడా నేర్చుకోవడం మానలేదు. కొన్నేళ్లకు మా బట్టల కొట్లో నిచ్చెన మీంచి పడి ఆయన చెయ్యి విరిగింది. నేనే స్కూటర్ మీద దవాఖానకు తీసుకెళ్లాను. బజారంతా దుకాణాల మెట్ల మీదికి వచ్చి నిలబడింది.

"అందరు చూస్తాన్రు," అన్నాను.

"చూడనియ్. నువ్వు నడుపు," అన్నారాయన, బాగున్న చేత్తో నా భుజం పట్టుకుని.