గెస్టుహౌసు ముందు గరిక

మా అపార్టుమెంటులో చెప్పులు ఒకచోట విడిస్తే మరోచోట దొరుకుతాయి, ఒక్కోసారి మరొకరి కాళ్లకు దొరుకుతాయి. పొద్దున్నే పచ్చిక మీద ఒట్టికాళ్లతో నడవమని మోకాళ్ల డాక్టరు అన్నాడు గనుక (మీకూ ఎవరో అనే ఉంటారు) విడవక తప్పదు. తీరా చూస్తే ఆ పచ్చిక ప్లాస్టిక్‌ది. దానికి రోజూ నీళ్లు కొట్టే మనిషి కూడా ఉన్నాడు. ఎందుకని నేను అడగలేదు, గడ్డి సంగతి నాకు అర్థం కాదని ఎనభైల్లోనే తేలిపోయింది.

తుంగతుర్తి దగ్గర మా చెల్కలో, అంటే మెట్టచేన్లో, గరిక కనబడితే నాయినకు అన్నం సయించేది కాదు. గడ్డపారతో లోతుగా తవ్వి, వేళ్లేరి, ఎండబెట్టి కాల్చేవాడు. వినాయకచవితినాడు మాత్రం అదే గరికను కడిగి దేవుడి నెత్తిన పెట్టేవాడు. ఈ లెక్క తెగకముందే నేను సూర్యాపేటలో వృక్షశాస్త్రం చదివి, మఠంపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో టెంపరరీగా చేరితే, మా సారు నాకప్పగించిన మొదటి శాస్త్రీయమైన పని గెస్టుహౌసు ముందు గరిక పెంచడం. పెద్దాఫీసరు వచ్చేనాటికి పచ్చగా ఉంటే పర్మనెంటు చేయిస్తానన్నాడు. మా ఊరివాళ్లెవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ నీళ్లు పోసేవాణ్ణి.

చూసింది నాయినే. సరిగ్గా ఆఫీసరు వచ్చే రోజు పొద్దున నన్ను చూసిపోదామని వచ్చి, నేను స్టోర్సులో ఉండగా, కొడుకు కొలువుచేసే చోట ఇంత గరికా అని సిగ్గుపడి, ఎవరిదో పార అడుక్కుని, ఆ చిన్న జాగానంతా తవ్వి కుప్పబెట్టాడు. నేనూ సారూ వెళ్లేసరికి నేల విత్తనానికి సిద్ధంగా ఉంది. నాయిన చేతులు జోడించి, "సారూ, మావోడు సదువుల వడి పని నేర్వలే. అంత నేనే సాఫ్ జేసిన. పిలగాన్ని జర కొలువుల ఉంచుండ్రి" అన్నాడు. సారు ఒకసారి కుప్పను, ఒకసారి గడియారాన్ని చూసి, చాయ్ చెప్పమన్నాడు. మధ్యాహ్నం ఆఫీసరు కారు దిగి, గెస్టుహౌసు వైపు చూడనైనా చూడకుండా బట్టీ దగ్గరికి పోయాడు. నా కొలువు పర్మనెంటయింది. దేనివల్లో ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం కోదాడ బస్టాండులో, ఆ గరిక నేను నాటిందేనని చెప్పాను. నాయిన గోళ్లలో మట్టి చూసుకుంటూ బస్సెక్కాడు. బస్సు కదిలాక కిటికీలోంచి, వీళ్లు వెళ్లగొడితే రంది పెట్టుకోకు, చెల్క ఉన్నది అన్నాడు. వెళ్లగొట్టలేదు.

నాయిన పోయి చాలా ఏళ్లయింది. మొన్న ప్లాస్టిక్ గడ్డి మీద నడుస్తూ ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి చెల్క ఎట్లుందని అడిగితే, మనుషులు దొరకట్లేదు, అంతా గరిక కమ్మిందన్నాడు. నాకు ఎక్కడినుంచో నాయిన కోపం వచ్చింది. గరికను అట్లా వదిలేస్తారా అని కాస్త గట్టిగానే అన్నాను.

"నువ్వొస్తవా అన్నా, పీకనీకి?" అన్నాడు.