షాఫ్టు కోసం పెళ్లిచూపులు

డిసెంబరు రెండో శనివారం ఉదయం నేనూ మా అమ్మాయి రూతూ నెల్లిమర్లలో పలాస పాసింజరు ఎక్కాం. రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది అది. ఇంట్లో మా ఆవిడ కరుణతో చెప్పిన మాట వేరు, మేము వెళ్తున్న పని వేరు. శ్రీకాకుళంలో క్రైస్తవ ప్రార్థన కూడికలు జరుగుతున్నాయని, అక్కడికి ఒక పెళ్లికొడుకు వస్తాడని, ముందు ఊరికే ఒకసారి చూసి వస్తామని చెప్పాం. ఆలోచన రూతుది. తలాడించడం మాత్రం నాది.

అసలు పని ఒక ఇనుప గొట్టం.

నేను హైస్కూల్లో డ్రాయింగు మేస్టారిని. కరుణ ఆసుపత్రిలో నర్సు. రూతు పాలిటెక్నిక్ చదివి విజయనగరంలో ట్రాక్టర్లు బాగుచేసే చోట పనిచేస్తోంది. అంతకు రెండేళ్ల కిందట, ఒక రైసుమిల్లు షెడ్డులో ఊక బస్తాల కింద పడి ఉన్న పాత కాంటెస్సా కారును ఇద్దరం ముచ్చటపడి తెచ్చుకున్నాం. పొడుగాటి ముక్కు, వెడల్పాటి భుజాలు, పహిల్వానులాంటి కారు. అంతవరకు మా ఇద్దరి మధ్య మాటలు "తిన్నావా", "తిన్నాను" దగ్గరే ఆగిపోయేవి. కారు వచ్చాక ఆదివారం గుడిలో ప్రార్థన అయిపోగానే పాత బట్టలు కట్టుకుని దాని కిందికి దూరేవాళ్లం. తలుపుల తుప్పు గీకాం, సీట్లు కుట్టించాం, ఇంజను విప్పి మళ్లీ బిగించాం. రంగు వేసే పని నాకు వదిలేసింది. మిగతా అన్నిటికీ నేను స్పానరు అందించేవాణ్ణి.

నవంబరులో ఇంజను స్టార్టయింది. వీధంతా వినబడేలా గర్జించింది. కానీ అంగుళం కదల్లేదు. గేరు బాక్సు తిరుగుడును వెనక చక్రాలకు అందించే ప్రొపెల్లర్ షాఫ్టు మొదటినుంచీ దానికి లేదు, ఎంత వెతికినా దొరకలేదు. మిల్లువాళ్లు ఎప్పుడో ఊడదీసి మరే పనికో వాడుకున్నారట. కరుణ గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"అరుపులే గానీ నడక నేదు. కిస్మస్‌కి మా అక్కావాళ్లు వస్తన్నారు. అప్పటికి ఇది తనంతట తాను గేటు దాటకపోతే పాతసామాన్లోడిని పిలిసీస్తాను," అంది.

కరుణ ఊరికే బెదిరించే మనిషి కాదు. అందుకే ఈ ప్రయాణం.

ఈ దారిలో వెళ్లేవారికి ఒక మాట. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగితే శ్రీకాకుళం కనిపించదు, ఆమదాలవలస కనిపిస్తుంది. స్టేషను బయట ఇడ్లీలు తిని, బస్సెక్కి శ్రీకాకుళం, అక్కడ బస్సు మారి నరసన్నపేట, అక్కడి నుంచి ఆటోలో ఒక పల్లెకు చేరాం. పదకొండు అయింది. ఆటోలో పక్కన కూర్చున్న ముసలాయన మా చేతిసంచీ గలగలలాడడం విని, "పళ్లేలేటి బాబూ, పెళ్లికా?" అని అడిగాడు. "పెళ్లికే తాతా," అంది రూతు. సంచీలో ఉన్నవి స్పానర్లు.

ఆ పల్లెలో అప్పల్నాయుడని ఒకప్పుడు లారీలు నడిపిన ఆయన ఉన్నాడు. ఆయన పెరట్లో తెల్ల కాంటెస్సా ఉండడం రూతు ట్రాక్టరు రిపేరుకు వెళ్లినప్పుడు చూసింది. ఫోనులో అడిగితే "రండి, సూద్దాం" అన్నాడట. వెళ్లి చూస్తే కారు పాక కింద నాలుగు టైర్లూ నేలలో దిగబడి ఉంది. డిక్కీలో కోడి పొదిగి కూర్చుంది. వెనక సీటు మీద మాత్రం శుభ్రమైన దుప్పటి, తలగడ ఉన్నాయి.

"సూడమన్నాను గానీ ఇస్తానన్నానేటి?" అన్నాడు అప్పల్నాయుడు. "నాను పడుకునేది ఇందులోనే మేస్టారూ. రేపు నాకు బుద్ధిపుడితే నడుపుతాను."

ఆయన భార్య పైడమ్మ వంటింట్లోంచే అంది, "ఇరవయ్యేళ్ల నుంచి ఆ రేపు రావడం నేదు. మొత్తం బండే పట్టుకుపొండి బాబూ."

అంతలో నా ఫోను మోగింది. కరుణ. పెరటి గోడ దాకా నడిచాను.

"అబ్బాయి కనబడినాడా?"

కారు వైపు చూశాను. "కనబడ్డాడు."

"రంగేటి?"

"తెలుపే. కొంచెం మాసింది."

"ఒడ్డూ పొడుగూ?"

"మంచి ఒళ్లు. ముక్కే కాస్త పొడుగు."

"వయసు?"

"ముప్పై దగ్గరుండొచ్చు."

"పనేటి సేస్తన్నాడు?"

"ప్రస్తుతానికి ఇంటిపట్టునే ఉన్నాడు."

"అలవాట్లో?"

"ఒకప్పుడు బాగా తాగేవాడట. ఇప్పుడు చుక్క ముట్టడు."

ఎదురుగా రూతు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుపోయింది. కరుణ "సరే, బాగా సూడండి," అని పెట్టేసింది.

పైడమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి వేడన్నం, ఎండు రొయ్యలేసిన వంకాయ కూర పెట్టింది. అప్పల్నాయుడు మాతోపాటే తిని, చెయ్యి కడుక్కుని, తిన్నగా వెళ్లి కారు వెనక సీటులో పడుకున్నాడు. కాసేపటికి గురక వినబడింది. పైడమ్మ గొంతు తగ్గించి, "ఈ బండిలో నాకూ సగం ఉన్నాది. నా సగంలో ఆ గొట్టం ఉన్నాది. ఇప్పుకోండి. ఈగ వాలితే మాత్రం లేసిపోతాడు," అని నా చేతికో తుండుగుడ్డ ఇచ్చింది.

ముప్పయ్యేళ్లు పిల్లలకు బొమ్మలు నేర్పిన నేను, నరసన్నపేట అవతల ఒక పెరట్లో కారు తలుపు తీసుకుని నిలబడి, ముక్కూ మొహమూ తెలియని పెద్దమనిషికి ఈగలు తోలుతున్నాను. రూతు కారు కింద మట్టి తవ్వి చోటు చేసుకుని, రెండు వైపులా రాళ్లు పేర్చి, లోపలికి పాకింది. వెనక నాలుగు బోల్టులు ఊడదీస్తే ముందు కొస దానంతట అదే జారి వస్తుంది. బోల్టులు తుప్పుతో అతుక్కుపోయి ఉన్నాయి. కిరసనాయిలు పోసి, గుడ్డ చుట్టి, చప్పుడు కాకుండా కొడుతోంది. మూడు ఊడాయి. నాలుగోది మొండికేసింది.

అప్పుడే ఫోను మళ్లీ మోగింది. కట్ చేస్తే కరుణ వెంటవెంటనే చేస్తూనే ఉంటుంది. చెవికి ఆనించుకున్నాను.

"మాట్టాడుకున్నారా ఇద్దరూ?"

"లేదు. ఆయన నిద్రపోతున్నాడు," అన్నాను గుసగుసగా.

"మిట్టమజ్జాన్నం నిద్రేటి? మరి రూతు ఏటి సేస్తన్నాది?"

"కింద ఉంది."

"మీ గొంతేటి అలాగుంది?"

"ఈగలు," అన్నాను.

ఫోను జేబులో పెట్టుకుంటుండగా కింద ఫట్‌మని చప్పుడైంది. ఇనుప గొట్టం దభీమని నేలకు తాకింది. నా చేతిలో తుండుగుడ్డ ఆగిపోయింది. గురక కూడా ఆగిపోయింది.

"ఊడినాదా?" అన్నాడు అప్పల్నాయుడు, కళ్లు తెరవకుండానే.

కారు కింద నుంచి రూతే జవాబు చెప్పింది. "ఊడినాది తాతా."

"ఫోను మోగినప్పుడే మెలకువొచ్చీసింది నాకు. ఉత్తినే గురక తీసినాను. లేసి అరుద్దునా అనుకున్నాను. కింద ఎవరో పని సేస్తంటే ఆ కుదుపు బాగున్నాది. బండి నడుస్తన్నట్టే ఉన్నాది." లేచి కూర్చున్నాడు. రూతు మసి కొట్టుకున్న మొహంతో బయటికి వచ్చి, షాఫ్టును చేతుల్లో ఎత్తుకుని నిలబడింది. ఆయన దాన్ని ఒకసారి చేత్తో నిమిరాడు. అప్పటిదాకా నవ్వు ఆపుకుంటున్న నాకు ఆ చెయ్యి చూశాక నవ్వు రాలేదు.

"పట్టుకుపో. నీది నడిసినాక ఒకపాలి ఇక్కడికి తే. ముందు సీట్లో నాను కూకుంటాను."

"ఎనక సీట్లో నానుంటాను," అంది పైడమ్మ.

"అది రాకుండా తే," అన్నాడాయన.

షాఫ్టుకు పైడమ్మ పాత చీర చుట్టి ఇచ్చింది. సాయంత్రం ఆమదాలవలసలో పాసింజరు దొరికింది. రెండు సీట్ల మధ్య దాన్ని పొడుగ్గా పడుకోబెట్టాం. పెట్టెలో అందరి కళ్లూ దాని మీదే. ఒకాయన ఫిరంగి గొట్టమన్నాడు. ఇంకొకాయన ఎందుకైనా మంచిదని కాళ్లు పైకి మడుచుకున్నాడు. అటుగా వచ్చిన రైల్వే పోలీసు లాఠీతో తట్టి, "ఏటిది?" అన్నాడు.

"కారండి," అంది రూతు.

"మరి మిగతాది?"

"ఇంటికాడున్నాది."

ఆయన లాఠీ చంకలో పెట్టుకుని ముందుకు వెళ్లిపోయాడు.

పొందూరు దాటాక రూతు, "నానా, ఇంక నా వల్ల కాదు. అమ్మకి సెప్పీద్దాం," అంది. ఆ మాట కోసమే పొద్దుట్నుంచీ చూస్తున్నాను. తనే ఫోను చేసి, ఇద్దరికీ వినబడేలా మధ్యలో పట్టుకుంది.

"అమ్మా, సంబంధం నేదు, ఏటీ నేదు. కారుకి షాఫ్టు తెచ్చుకుంటన్నాం."

"తెలుసు," అంది కరుణ.

"ఎలాగ?"

"పెళ్లికొడుకుని సూడ్డానికి మీ నానా గ్రీసు మరకల పేంటేసుకుని ఎల్తాడా? గేటు దాటకముందే తెలుసు."

"మరి రెండుసార్లు ఫోనెందుకు చేశావు?" అన్నాను నేను.

"పొద్దుట్నుంచీ వార్డులో స్పీకరెట్టి అందరికీ వినిపిస్తన్నాను. తాగుడు మానీసినాడన్నప్పుడు కుట్లేసిన పేషెంటు నవ్వలేక కడుపట్టుకున్నాడు. ఈగలన్నారు సూడండి, దానికి మా పెద్ద సిస్టరు కుర్చీలో కూలబడిపోనాది."

రూతు నా వైపు చూసింది. మొహాన మసి అలాగే ఉంది. ఇద్దరం కిటికీ వైపు తిరిగి, భుజాలు కదిలేలా నవ్వుకున్నాం. విషయం తెలియకపోయినా పక్క సీటులోని ఆవిడ కూడా మాతో కలిసి నవ్వింది.

చీపురుపల్లి వచ్చింది, పోయింది. ఈ రైలుదారిలో చూడదగ్గవి చాలా ఉన్నాయంటారు. ఆ రోజు నేను చూసింది ఒక కారు అడుగుభాగం, ఒక పెద్దమనిషి మొహమ్మీది ఈగలు. అయినా ఇంతవరకు నేను చేసిన ప్రయాణాల్లో దీనికి సాటి వచ్చేది మరొకటి లేదు.

గరివిడి దగ్గర కరుణే మళ్లీ చేసింది. ఈసారి గొంతులో ఆటపట్టింపు లేదు.

"అది మన బండికి సరిపోతాదా?"

"సరిపోతాదమ్మా. కొలిసినాను," అంది రూతు.

"బరువేనా?"

"బరువే."

"అయితే ఆటో మాట్టాడకండి. నాను టేసనుకొస్తన్నాను. ఒక కొస నాను పడతాను."